గౌరీశ్వరి రాయని పేజీ

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు. ఉన్నమాట చెప్పాలంటే, పరాయివాళ్ళు మాట్లాడుకునేది చెవులు రిక్కించి వినడం, అందులో తప్పులు పట్టడం. మా కంపెనీ మధురవాడలో ఒక ఆరంతస్తుల అద్దాల మేడలో ఉంది. అమెరికాలో ఆస్పత్రులకి ఫోన్ మీద దుబాసీలను ఇస్తుంది. అక్కడ డాక్టరుకి ఇంగ్లీషు తప్ప రాదు, రోగికి స్పానిష్ తప్ప రాదు. మధ్యలో ఫోన్‌లో మావాళ్ళుంటారు. డాక్టరు ఇంగ్లీషులో అన్నదాన్ని స్పానిష్‌లో చెప్పాలి, రోగి స్పానిష్‌లో అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పాలి. వాటిలో రోజుకి కొన్ని కాల్స్ విని మార్కులు వేసేవాణ్ణి నేను. పేరు ఉమామహేష్. మా నాన్న పాలకొల్లు నుంచి పోర్టులో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. తప్పు చెవిన పడితే నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళి భోజనంలో పక్కవాడు మాట తప్పు పలికినా ముద్ద దిగదు. ఇలాంటివాణ్ణి ఇంకెక్కడా భరించలేరనే ఈ ఉద్యోగం ఇచ్చి ఉంటారు.

గౌరీశ్వరి గురించి చెబుదామని కూర్చుని నా గోల మొదలుపెట్టాను.

ఆమెకి ముప్ఫైమూడేళ్ళు. తగరపువలస దాటి లోపలికి నాలుగు కిలోమీటర్లు వెళితే వాళ్ళ ఊరు. తండ్రి పంటల రోజుల్లో పొలం పని చేసేవాడు, మిగతా రోజుల్లో పోర్టులో కళాసీగా బస్తాలు మోసేవాడు. ఇప్పుడాయన లేడు. గౌరి, తల్లి దేముడమ్మ మా వీధిలోనే మూడో అంతస్తులో అద్దెకుంటారు. పొద్దున్న అయిదున్నర షిఫ్టుకి మా ఇద్దరికీ ఒకటే క్యాబ్. క్యాబ్‌లో కూర్చున్నంతసేపూ ఆమె మోకాలు ఊగుతూనే ఉంటుంది. ఆపమంటే ఆపి, రెండు నిమిషాల్లో మళ్ళీ మొదలుపెడుతుంది. నిలకడ అన్నది ఆ మనిషి ఒంట్లో లేదు. కాల్‌కీ కాల్‌కీ మధ్య నలభై సెకన్లుంటే లేచి కిటికీ దాకా వెళ్ళి వస్తుంది.

ఇంగ్లీషు శుభ్రంగా మాట్లాడుతుంది. స్పానిష్ ఇంకా శుభ్రంగా మాట్లాడుతుంది. తెలుగుకి వచ్చేసరికి మాత్రం 'నాను' అంటుంది, 'ఏటి' అంటుంది. మొదట్లో నేను ఏడిపించేవాణ్ణి. "రెండు దేశాల భాషలు అంత చక్కగా పలుకుతావు, సొంత భాషకొచ్చేసరికి ఈ నాను ఏమిటే?"

"ఆ రెండూ జీతానికి అన్నియ్యా. ఇది నాది" అంది. మళ్ళీ ఎప్పుడూ ఏడిపించలేదు.

స్పానిష్ ఎక్కడ నేర్చిందంటే, జ్ఞానాపురంలో ఒక మేడ మీద గదిలో. శ్రీరామ్మూర్తి మాస్టారని, ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. చిలీ, పెరూ రేవుల్లో నెలల తరబడి పడి ఉండి నేర్చుకున్న స్పానిష్ ఆయనది. వ్యాకరణం పుస్తకం పట్టుకోనిచ్చేవాడు కాదట. "మాట ఒంటిది కాదమ్మా. దానికి అక్కలుంటారు, చెల్లెళ్ళుంటారు, మేనత్తలుంటారు. ఒకదాన్ని పిలిస్తే ఇంటిల్లిపాదినీ పిలు. ఎవర్ని వదిలేస్తావో వాళ్ళే ఏదో ఒకనాడు వచ్చి పెళ్ళిపందిట్లో గొడవ పెడతారు" అనేవాడట.

ఆ మాట పట్టుకుని గౌరి ఒక పొడుగు నోట్సు పెట్టింది. పేజీకి ఒక కుటుంబం, ఒక్కో పేజీలో మూడు వరసలు. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు స్పానిష్, మధ్యలో తెలుగు. ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కి పోయేవాళ్ళకి మధ్యలో తెలుగెందుకని అడిగితే, "మద్దిన మనం నేకపోతే అయి రెండూ ఒకదాన్నొకటి నమ్మవన్నియ్యా" అంది.

నొప్పి పేజీ ఒక్కటే చూసినా చాలు. ఇంగ్లీషులో పెయిన్, ఏక్, సోర్, క్రాంప్, బర్నింగ్, థ్రాబింగ్. స్పానిష్‌లో దొలోర్, ఆర్దోర్, కలాంబ్రె, పున్సాద. మధ్యలో నొప్పి, సలుపు, పోటు, మంట, తీపు, పీకు, కొంకర్లు. 'డల్ పెయిన్' అని ఇంగ్లీషువాడంటాడు. దాన్ని స్పానిష్‌వాడు 'దొలోర్ సోర్దో' అంటాడు. అంటే చెవిటి నొప్పి. అది దొరికిన రోజున గౌరి ఆనందం చూడాలి. "మా అమ్మ మోకాల్లో ఉన్నాది అదే అన్నియ్యా! ఎంత తైలం రాసినా ఇనిపించుకోదు" అని ఫ్లోరంతా చెప్పుకుని తిరిగింది.

ఈ పనిలో ఇంకో పద్ధతి ఉంది. బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. దుబాసీ ఎప్పుడూ 'ఆమె కడుపు నొప్పి అంటోంది' అనకూడదు. 'నాకు కడుపు నొప్పి' అనాలి. ఎవరు మాట్లాడితే వాళ్ళయిపోవాలి. తన సొంతంగా ఏదైనా చెప్పాల్సి వస్తే మాత్రం 'దుబాసీ చెబుతోంది' అని తనని తాను పరాయిదానిలా పిలుచుకోవాలి. అందుకని తిరుగు క్యాబ్‌లో గౌరి, "ఈయేళ రెండుపాల్లు నీళ్ళాడి బిడ్డల్ని కన్నాను, ఓపాలి మోకాలు సిప్ప మార్పించుకున్నాను, పక్షవాతం నుంచి కొద్దిలో తప్పించుకున్నాను" అని ఏకరువు పెట్టేది. ఇంట్లోనూ ఇలాగే వాగితే దేముడమ్మ ఉప్పు తీసుకుని రోజూ దిష్టి తీసేది.

కొత్త బ్యాచ్‌కి క్లాసు చెప్పడానికి ఒకసారి ఆ నోట్సు అడిగి తీసుకున్నాను. తిరగేస్తుంటే మధ్యలో ఒక పేజీ ఖాళీ. పైన ఎర్ర సిరాతో ఇంగ్లీషులో 'డెత్' అని రాసి, అడ్డంగీతా నిలువుగీతలూ కొట్టి, లోపల ఒక్క మాట కూడా రాయలేదు. ముందు పేజీ కిక్కిరిసి ఉంది, వెనక పేజీ కిక్కిరిసి ఉంది.

నా కోపం తెలిసిందే కదా. "ఆస్పత్రి కాల్స్ తీసుకునే మనిషివి, ఈ పేజీ ఖాళీగా ఉంచుకుంటావా? డైడ్, పాస్డ్ అవే, గాన్, వియ్ లాస్ట్ హిమ్ — ఎన్ని రకాలుగా అంటారు వాళ్ళు? స్పానిష్‌లో మురియో ఉంది, ఫయెసియో ఉంది, సె ఫ్యువె ఉంది. ఏది ఎక్కడ వాడాలి?"

"తెలుసన్నియ్యా. రాత్తాను."

"రూలేమిటో చెప్పు."

"డాక్టరు డైడ్ అంటే మురియో అనాల. మెత్తగా సెయ్యకూడదు, తిప్పకూడదు" అని అప్పజెప్పింది. నోట్సు మాత్రం నా చేతిలోంచి లాక్కుంది.

వారం తర్వాత క్యాబ్‌లో తనే చెప్పింది. డ్రైవరు టీకి దిగాడు. బయట తుంపర పడుతోంది.

పదకొండేళ్ళ కిందట గౌరి విజయవాడలో బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉంది. ఒకరోజు పొద్దున్నే చిన్నాన్న అబ్బులు నుంచి ఫోన్. "నాన్నకి సీరియస్‌గా ఉందమ్మా. ఆస్పత్రిలో ఏసినాం. నువ్వు బయల్దేరి ఇంటికొచ్చీ" అన్నాడు. అబ్బులంటే తండ్రికి స్వయానా తమ్ముడు. గౌరిని చిన్నప్పుడు భుజాల మీద మోసినవాడు.

"ఆస్పత్రిలో ఉన్న మనిషికోసం ఇంటికెందుకు రమ్మంతారు? అప్పుడే తెలవాల గదా. తెలవనేదు. తెలుసుకోబుద్ది కానేదు" అంది గౌరి.

రైల్లో ఏడు గంటలు. జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడి, నాన్న బతికితే సింహాచలం మెట్లెక్కి తలనీలాలిస్తానని అప్పన్నకి మొక్కుకుంది. తుని స్టేషన్లో దిగి, జ్వరమొచ్చినప్పుడల్లా నాన్నకి బత్తాయిలు ఇష్టమని ఒక సంచీడు కొంది. ఆ సంచీ పట్టుకుని ఊళ్ళో ఆటో దిగింది. ఇంటి ముందు షామియానా వేసి ఉంది. కింద ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్ళు తలలొంచుకుని కూర్చున్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు గదా అప్పటికి. చేతిలోంచి బత్తాయిల సంచీ ఎవరో తీసేసుకున్నారు. ఆ పళ్ళు ఏమయ్యాయో ఆమెకిప్పటికీ తెలియదు. ఆ తర్వాత బత్తాయి ముట్టుకోలేదు.

"పోయిన మనిషిని బతికించమని ఏడు గంటలు మొక్కుకున్నానన్నియ్యా. అప్పన్న నవ్వుకోనుంటాడు. చిన్నాన్న తెల్లారగట్లే నిజం సెప్పీసుంటే ఆ ఏడు గంటలూ నాను ఏడుద్దును. నా ఏడుపు నాను ఏడుద్దును. నా ముందర ఉన్నోల్లందరికీ తెలుసు, నాకొక్కద్దానికే తెల్దు. పిచ్చిదాన్నయినట్టు బత్తాయిలట్టుకుని దిగినాను."

ఆ రోజు నుంచి గౌరి అబ్బులుతో మాట్లాడలేదు. పదకొండేళ్ళు. పెద్దకర్మనాడు కూడా మొహం తిప్పుకుందట. ఆయన తిట్టించుకునేందుకైనా ఎదురుపడదామని చూశాడు. కుదర్లేదు. ఇప్పుడు వదినగారిని చూడటానికి నెలకోసారి మధురవాడ వస్తాడు, అదీ గౌరి షిఫ్టులో ఉన్న వేళ చూసుకుని వస్తాడు. ఆమె ఏ వారం ఏ షిఫ్టో మా టీమ్ లీడరు కంటే ఆయనకే బాగా తెలుసు. గౌరి ఇంటికొచ్చేసరికి వంటగట్టు మీద ఆనపకాయో, నాలుగు మొక్కజొన్న పొత్తులో ఉంటాయి. ఎవరు తెచ్చారని ఆమె అడగదు, తల్లి చెప్పదు.

"ఎవలికయినా నాను అలగ సేత్తే నా నోట్లో పురుగులు పడాల" అని ముగించింది. డ్రైవరు వచ్చి బండి తీశాడు. మోకాలు మళ్ళీ ఊగడం మొదలైంది.

మా మేనత్త పోయినప్పుడు హైదరాబాదులో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసింది నేనే. "అత్తకి బాగోలేదు, బయల్దేరు" అన్నాను. మన వైపు ఎవరం ఇంకోలా చెబుతాం? ప్రయాణం చెయ్యాల్సిన మనిషి చేతిలో చావు పెట్టి బస్సెక్కించం. అది రూలని ఎవరూ నేర్పలేదు, అయినా అందరికీ వచ్చు.

ఆషాఢమాసం, గురువారం. పొద్దున్న ఏడూ నలభై. అక్కడ వాళ్ళకి ముందురోజు రాత్రి తొమ్మిదీ పది. ఆ రోజు గౌరి కాల్స్ నేను ప్రత్యక్షంగా వింటున్నాను. నా మాట అవతలికి పోదు, నేను వినగలను, అంతే. గాజు గోడకి అవతల ఆమె వీపు నాకు కనిపిస్తోంది.

కాల్ కలిసింది. ఒక చిన్న ఊరి ఆస్పత్రి నుంచి డాక్టరు. మగ గొంతు, బాగా అలిసిపోయింది. రోగి కూతురు మారిసోల్ లైన్లో ఉందన్నాడు. ఆమె మూడు గంటల దూరంలో కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలో ఉంది. వెనకాల యంత్రాల మోత.

డాక్టరు చుట్టూ తిప్పలేదు. వాళ్ళకీ రూలుంది. "నన్ను క్షమించండి. మీ నాన్నగారు చనిపోయారు. ఇరవై నిమిషాలయింది" అన్నాడు. ఇంగ్లీషులో డైడ్ అనే అన్నాడు. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది, గౌరికీ వినపడింది.

గౌరి స్పానిష్‌లో చెప్పింది. "నన్ను క్షమించండి. మీ నాన్నగారికి చాలా సీరియస్‌గా ఉంది. ముయ్ గ్రావె. బయల్దేరి రండి."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేనే తప్పు విన్నానేమో అనుకున్నాను. లేదు. ఆరేళ్ళుగా ఒక్క మందు డోసు తప్పు చెప్పని మనిషి, పేజీకి మూడు వరసలు గీసుకునే మనిషి, అదీ ఈ మాట దగ్గర! నాకు కోపం వచ్చింది. గాజు మీద కొట్టబోయి ఆగాను. కాల్ మధ్యలో కదిలించకూడదు. ఏం చెయ్యను? గదిలో అటూ ఇటూ తిరిగాను, హెడ్‌ఫోన్ తీగ ఎంతవరకు సాగితే అంతవరకు.

అవతల మారిసోల్ ఊపిరి పీల్చుకుంది. బతికే ఉన్నాడు గదా అన్న ఊపిరి అది. గబగబా మాట్లాడింది. "వస్తున్నాను. కారు తీస్తున్నాను. డాక్టరుగారూ, ఒక్క ఉపకారం చెయ్యండి. ఫోన్ మా నాన్న చెవి దగ్గర పెట్టండి. కళ్ళు తెరవకపోయినా ఫరవాలేదు, నా గొంతు గుర్తుపడతాడు. నేను వచ్చేదాకా ఉండమని చెబుతాను. పెట్టండి, నేను మాట్లాడతాను."

ఇప్పుడీ మాటని గౌరి ఇంగ్లీషులోకి తిప్పాలి. తిప్పి డాక్టరుకి చెప్పాలి. చచ్చిపోయిన మనిషి చెవి దగ్గర ఫోన్ పెట్టమని.

రికార్డింగులో అక్కడ పదకొండు సెకన్ల నిశ్శబ్దం ఉంది. అయిదు సెకన్లు దాటితే మార్కులు తగ్గించాలి. ఆ పదకొండు సెకన్లలో ఆమె మోకాలు ఆగిపోయింది. ఎప్పుడూ ఆగని మోకాలు. వీపు నిటారుగా అయింది. డాక్టరు "హలో? దుబాసీ ఉన్నారా?" అన్నాడు. మారిసోల్ "నాన్నా? నాన్నా, వినపడుతోందా?" అని అప్పుడే పిలవడం మొదలుపెట్టింది. ఫోన్ చెవి దగ్గర పెట్టేశారనుకుంది.

గౌరి నోరు తెరిచింది. ముందు ఇంగ్లీషులో. "దుబాసీ చెబుతోంది. దుబాసీ తప్పు చేసింది. మీరు చెప్పింది ఆమెకి చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంది."

డాక్టరు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. స్పానిష్‌లోకి తిరిగింది.

"అమ్మా, దుబాసీ మాట్లాడుతోంది. నేను తప్పు చెప్పాను. డాక్టరుగారు అన్నది ఇది. మీ నాన్న చనిపోయారు. ఇరవై నిమిషాలయింది. మురియో."

అవతల మారిసోల్ అరవలేదు. యంత్రాల మోత దూరమైంది, తలుపు మూసిన చప్పుడయింది. తర్వాత, "మరి సీరియస్ అని ఎందుకన్నారు?" అంది. చిన్నపిల్ల గొంతులా ఉంది. ఆ ప్రశ్న దుబాసీకే. అయినా రూలు ప్రకారం అదీ డాక్టరుకి చెప్పాలి. గౌరి చెప్పింది. డాక్టరు, "నేననలేదని చెప్పండి" అన్నాడు. అదీ తు.చ. తప్పకుండా చెప్పింది. తనని తాను వెనకేసుకు రాలేదు, మా దేశంలో ఇంతే అనలేదు.

అప్పుడు మారిసోల్, ఎవరితోనో కాదు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు అంది. "సె మురియో మి పపా. తాళాలు చేతిలో ఉన్నాయి. ఇప్పుడు నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలి?"

గౌరి ఇంగ్లీషులో అంది. పద్ధతి ప్రకారం, తనే మారిసోల్ అయి అంది.

"మా నాన్న చచ్చిపోయాడు. తాళాలు నా చేతిలో ఉన్నాయి. ఇప్పుడు నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలి?"

మొదటి ముక్క దగ్గర గొంతు చీరుకుపోయింది. మిగతాది మామూలుగానే చెప్పింది. పదకొండేళ్ళలో ఆ మాట ఆమె ఏ భాషలోనూ అనలేదని నాకు తర్వాత తెలిసింది. లేరు అంది, పోయారు అంది, నాన్న ఉన్నప్పుడు అంది. ఇది మాత్రం ఎవరితోనూ అనలేదు. అన్నది కూడా ఇంకొకరి తండ్రి గురించి, ఇంకొకరి భాషలో. హెడ్‌ఫోన్ తీయకుండానే నేను గోడ వైపు తిరిగాను. మగవాడు ఏడిస్తే చూడటానికి బాగుండదని మా నాన్న అనేవాడు. చూసేవాళ్ళెవరూ లేరు లెండి.

కాల్ ఇంకో ఆరు నిమిషాలు నడిచింది. దేహం ఎక్కడ ఉంచుతారు, ఎవరు సంతకం పెట్టాలి, ఎవరైనా తోడు డ్రైవ్ చేస్తారా. ఒక్క తప్పు లేదు.

అయిపోయాక మెట్ల దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆమె రెండు మెట్లు ఎక్కుతోంది, దిగుతోంది.

"సున్నా ఎయ్యన్నియ్యా."

"వేస్తాను. కానీ తప్పు నువ్వే దిద్దావు. అదీ రాస్తాను."

"నాను అనాలని అననేదు. నోట్లో మురియో అనే ఉంది. ఆయమ్మి ఒక్కత్తీ మూడు గంటలు బండి తోలుకుని రావాల గదాని… అంతే. ఆపాటికి గ్రావె అనీసినాను. చిన్నాన్న ఎలగ అన్నాడో అలగే అనీసినాను. అదే గొంతు అన్నియ్యా. నా నోట్లో ఆయన గొంతుంది." ముఖం తుడుచుకుంది. "పదకొండేళ్ళు ఆయన్ని కుక్కని సూసినట్టు సూసినాను."

ఫోన్ తీసింది. ఆ నెంబరు ఆమె ఫోన్‌లో సేవ్ చేసి లేదు. అంకెలన్నీ తడుముకోకుండా నొక్కింది. స్పీకరు పెట్టలేదు గానీ అబ్బులుది పొలంలో మాట్లాడే గొంతు, నాకూ వినపడింది.

"అలో, ఎవలూ?"

"నాను చిన్నాన్నా. గౌరిని."

పక్కనున్నవాళ్ళని కేకేసి ఊరుకోమన్నాడు. తర్వాత, "ఏటైనాదమ్మా? ఒదినకేటైనాది?"

"ఏటీ అవనేదు. అమ్మ బాగుంది. ఊరికినే సేసినాను."

"ఊరికినేనా?"

"ఊరికినే. ఆదోరం ఊరొత్తాను. నీతోటి మాటాడాల."

"ఆదోరమా… సరేనమ్మా. సరే సరే" అని పెట్టేశాడు. అంత తొందరేమిటని గౌరి ఫోన్ వంక చూసింది.

మేనేజరు కృష్ణంరాజుగారు ఆ కాల్ రెండుసార్లు విన్నారు. నెల రోజులు ఆస్పత్రి కాల్స్ తీసుకోవద్దని, ఆ నెలా కొత్తవాళ్ళకి పాఠం చెప్పమని అన్నారు. నేను సున్నా వేశాను. వేసిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ నెలలోనే ఆ ఖాళీ పేజీ నిండింది, కానీ అది తర్వాతి సంగతి.

షిఫ్టయిపోయి మధ్యాహ్నం రెండింటికి క్యాబ్ మమ్మల్ని వీధి మొదట్లో దింపింది. నాది ముందు ఇల్లయినా ఆమెని ఒంటరిగా పంపబుద్ధి కాక గేటు దాకా వెళ్ళాను. వాళ్ళ అపార్ట్‌మెంట్ మెట్ల మీద, లిఫ్టు పక్కన, ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పంచె సగం దాకా తడిసి ఆరిపోయింది. పొలం నుంచి ఉన్నపళాన వచ్చాడేమో, కాళ్ళకి మట్టి. ఒళ్ళో ఒక సంచీ. వాచ్‌మన్ నాతో చాటుగా, "నాలుగు గంటలైంది సార్. పైకెల్లమంటే ఎల్లడు" అన్నాడు.

సంచీలో బత్తాయిలు ఉన్నాయి.

గౌరి ఆగిపోయింది. అబ్బులు లేవబోయి లేవలేక రెయిలింగ్ పట్టుకున్నాడు.

"ఎవలికమ్మా సీరియస్సు? ఒదినకా?"

"ఎవలికీ కాదు చిన్నాన్నా. ఊరికినే సేసినానని సెప్పినాను గదా."

"అలగే సెప్తారమ్మా. నాకు తెల్దేటి? పదకొండేల్లకి నువ్వు ఫోన్ సేసినావు, ఏటీ అవనేదన్నావు. ఇంకేటనుకోమంతావు? వచ్చీసరికి కింద షామియానా నేదు. ఓపాలి గుండె కుదుటపడింది. ఫ్లాట్లల్లో కింద ఎయ్యరేమో, పైన ఎలగుందోనని కాళ్ళాడనేదు." రెయిలింగ్ ఇంకా వదల్లేదు. "నిజం సెప్పీ. తట్టుకుంతాను."

ఆ మాట విని గౌరి మెట్టు మీద ఆయన పక్కనే కూలబడింది. పైనుంచి దేముడమ్మ ఎవరినో పిలుస్తున్న గొంతు మామూలుగా వినపడింది, పక్కింటివాళ్ళని గుప్పెడు కందిపప్పు అడుగుతోంది.

"ఇన్నావా? అమ్మ బాగుంది" అంది గౌరి. "నాను నీకు నిజమే సెప్పినాను. నువ్వే నాకు సెప్పనేదు. ఇప్పుడు సెప్పీ చిన్నాన్నా."

ఏ రోజు సంగతని ఆయన అడగలేదు. సంచీ పిడి మెలిపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మెలిపెట్టాడు.

"మీ నాన్న సచ్చిపోనాడమ్మా" అన్నాడు. "తెల్లారగట్ల అయిదున్నరకి. నా సేతిలోనే. నీకు ఫోన్ సేసినప్పుడు పక్కనే పడుకోబెట్టి ఉన్నాడు. అన్నం తిన్నావో నేదో, రైల్లో ఒక్కద్దానివి ఎలగొత్తావోనని… నోరు రానేదమ్మా."

గౌరి ఏడ్చింది. ఆ కబురు అప్పుడే, ఆ మెట్టు మీదే తెలిసినట్టు ఏడ్చింది. ఆయన తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు. వాచ్‌మన్‌నీ నన్నూ ఇద్దరూ మరిచిపోయారు. నేను వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు.

చాలాసేపటికి ఆమె లేచి, ఆయన చెయ్యి పట్టి లేపింది.

"పద పైకి. అమ్మ పప్పు ఏత్తంది."

అబ్బులు సంచీ వంక చూసుకుని సిగ్గుపడ్డాడు. "మరి ఇయ్యెవలికే? జబ్బు మనిషికని అట్టుకొచ్చినాను."

గౌరి ఆ సంచీ ఆయన చేతిలోంచి తీసుకుంది.

"ఇలాగియ్యి, నాను తింతాను."